ఒరవడి మీద నడిచే చేయి: చైనా కుంచె రాతలో పూర్వగురువులను దిద్దే సంప్రదాయం

సభకు నమస్కారం.

ఈ సాయంత్రం నేను మాట్లాడబోయే కళ మనకు చాలా దూరపుది. అయినా దాని తలుపు తెరిచే మాట మన ఇంట్లోనే ఉంది. ఆ మాట ‘ఒరవడి’. ఇవాళ పత్రికల్లో ‘కొత్త ఒరవడి’ అని చదివినప్పుడు కొత్త పోకడ అని అర్థం చెప్పుకుంటున్నాం గాని, నిఘంటువు తెరిస్తే ఆ మాట మనల్ని బడిలోకి తీసుకుపోతుంది. పంతులుగారు పలక పైభాగాన రాసి ఇచ్చిన వరస, దాన్ని చూస్తూ పిల్లవాడు కింద రాసుకోవలసిన మేలుబంతి, అదీ ఒరవడి. దాని పక్కనే ‘దిద్దడం’ అన్న మాట ఉంది. ఉన్న గీత మీద మళ్లీ చేయి పోనివ్వడాన్ని దిద్దడం అంటాం, తప్పును సరిచేయడాన్నీ దిద్దడమే అంటాం. చైనా కుంచె రాత గురించి ఎన్ని పుస్తకాలు తిరగేసినా ఈ రెండు తెలుగు మాటలకన్నా దగ్గరి దారి నాకు దొరకలేదు.

అయితే మనకూ వారికీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర దిద్దడం అక్షరాభ్యాసంతో మొదలై, రెండో మూడో తరగతిలో ముగిసిపోతుంది. చైనాలో కుంచె పట్టినవాడు ఎనభై ఏళ్లు వచ్చినా ఒరవడి ముందు కూర్చుంటాడు. ఇంకొక తేడా ఇంతకన్నా లోతైనది. మన తాళపత్ర గ్రంథాల చివర లేఖకులు ఒక శ్లోకం రాసుకునేవారు: ‘యాదృశం పుస్తకం దృష్ట్వా తాదృశం లిఖితం మయా, అబద్ధం వా సుబద్ధం వా మమ దోషో న విద్యతే’. ఎదుటి పుస్తకం ఎలా ఉందో అలాగే రాశాను, తప్పో ఒప్పో నా దోషం లేదు అని దాని భావం. అక్కడ లేఖకుడు కాపాడుతున్నది గ్రంథాన్ని. అంతకుముందు రాసినవాడి చేయి ఎలా కదిలిందన్నది అతని పట్టింపులో లేదు. చైనాలో ఎత్తిరాసేవాడు కాపాడదలచినది ముఖ్యంగా ఆ చేతినే. పాఠం అతనికి ముందే కంఠస్థం.

చేతిని కాపాడడం ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. దానికి జవాబు కుంచెలో ఉంది. మేక వెంట్రుకలతోనో, కుందేలు లేదా వీజిల్ వెంట్రుకలతోనో కట్టిన ఆ కుంచెకు సన్నని మొన, దాని పైన సిరా నిలిచే పొట్ట ఉంటాయి. కాస్త నొక్కితే గీత లావవుతుంది, ఎత్తితే వెంట్రుకంత అవుతుంది, వేగంగా లాగితే సిరా అందక మధ్యలో కాగితపు తెలుపు కనిపిస్తుంది, తడబడి ఆగితే సిరా చుట్టూ పాకుతుంది. ఆన్‌హువేయి ప్రాంతపు జింగ్ జిల్లాలో తయారయ్యే షువాన్ కాగితం సిరాను వెంటనే పీల్చుకుంటుంది కనుక, వేసిన గీతను మళ్లీ సవరించడానికి వీలుండదు, సవరించాలని చూస్తే ఆ సవరణ కూడా కనిపిస్తుంది. కాబట్టి ఆ కాగితం మీద మిగిలేది అక్షరపు ఆకారం ఒక్కటే అనుకోకూడదు. ఎక్కడ మొదలైంది, ఎక్కడ తిరిగింది, ఎంత వేగంతో పోయింది, ఎక్కడ ఊపిరి తీసుకుంది అన్నదంతా అందులో నిలిచి ఉంటుంది. తెలిసినవాడు వెయ్యేళ్ల తరువాత చూసినా ఆ కదలికను మొదటి గీత నుంచి చివరి గీత వరకు వరసగా చదవగలడు. చైనా అక్షరంలో గీతల వరస కూడా నియతమైనది గనుక ఈ చదవడం ఊహాగానంగా మిగిలిపోదు.

నేను ఎనిమిదేళ్ల క్రితం ఒక పెద్దావిడ దగ్గర ఈ రాత నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు మొదటి రెండు నెలలూ అడ్డగీత ఒక్కటే రాయించారు. చైనా భాషలో ‘ఒకటి’ అన్న అంకెకు గుర్తు ఆ గీతే. ఇందులో నేర్చుకోవలసింది ఏముందని నాకు అప్పుడు అనిపించింది. నేను ఎడమ నుంచి కుడికి నేరుగా గీస్తుంటే ఆమె నా మణికట్టు పట్టుకుని, కుంచెను ముందు కొంచెం ఎడమవైపు మోపించి, వెనక్కి తిప్పించి, ఆ తరువాత కుడివైపు నడిపించి, చివర ఆగి మళ్లీ లోపలికి మడిపించారు. కుడికి పోవాలంటే ముందు ఎడమకు పో, కిందికి దిగాలంటే ముందు పైకి పో అన్నది అక్కడి పాత సూత్రం. గీత పూర్తయ్యాక ఆ వెనకడుగు గీత లోపలే దాగిపోతుంది. పైపైన చూసేవారికి అది కనిపించదు, అది లేని గీత మాత్రం బలహీనంగా కనిపిస్తుంది. ఆకారాన్ని కళ్లతో పట్టుకోవచ్చు, కదలికను మాత్రం చేత్తోనే వెతికి పట్టుకోవాలి. పూర్వగురువుల రాతను ఎత్తిరాయడం ఎందుకు తప్పనిసరి అయిందో నాకు ఆ రెండు నెలల్లో తెలిసింది.

ఎత్తిరాయడానికి చైనా భాషలో ముఖ్యంగా రెండు మాటలున్నాయి. ఒకటి ‘మో’, అంటే అసలు మీద పల్చని కాగితం పరచి, కింది గీతల వెంబడే రాయడం. రెండోది ‘లిన్’, అంటే అసలును పక్కన పెట్టుకుని చూస్తూ రాయడం. పిల్లలకు ఎర్రసిరాతో అచ్చువేసిన అక్షరాలిచ్చి, వాటి మీద నల్లసిరాతో దిద్దమనడం మోలో మొదటి మెట్టు. సోంగ్ రాజవంశ (960–1279) కాలపు కవి, సంగీతవేత్త జియాంగ్ క్వే ఈ రెండింటి తేడాను ఎంతో నిక్కచ్చిగా చెప్పాడు. పక్కన పెట్టుకుని రాసేటప్పుడు పూర్వుల అక్షరాల అమరిక చేజారిపోతుంది గాని వారి కుంచెలోని భావం ఎక్కువగా అందుతుంది. పైన పరచి దిద్దేటప్పుడు అమరిక తేలికగా అందుతుంది గాని కుంచెలోని భావం ఎక్కువగా చేజారిపోతుంది. దిద్దేవాడు ఎప్పుడూ అంచుల మీదే కన్నేసి ఉంటాడు, అంచుల మీద కన్నున్న చేయి స్వేచ్ఛగా నడవలేదు. అందుకే సాధకుడు మో దగ్గర ఆగకుండా లిన్‌కు వస్తాడు. లిన్‌లోనూ మొదట ఎదురుగా పెట్టుకుని, తరువాత మూసిపెట్టి జ్ఞాపకంతో, ఆ తరువాత అసలులోని భావాన్ని మాత్రమే తీసుకుని రాయడం దాకా పోతాడు. వీటన్నిటికన్నా ముందు మరొక పని ఉంది, దాన్ని ‘ఒరవడిని చదవడం’ అంటారు. కుంచె ముట్టకుండా, ఒక అక్షరం ముందు చాలాసేపు కూర్చుని చూడడమే ఆ పని.

ఇప్పుడు ఈ సంప్రదాయానికంతటికీ నడిబొడ్డున నిలిచిన ఒక రచన దగ్గరకు వస్తాను. క్రీ.శ. 353లో, చాంద్రమాన తృతీయ మాసపు మూడవ రోజున, నేటి షావోషింగ్ సమీపంలోని లాన్‌టింగ్ అనే చోట 40 మందికి పైగా పెద్దలు వసంతకాలపు శుద్ధిస్నానం కోసం కూడారు. వంకరలు తిరిగే సెలయేటి ఒడ్డున కూర్చుని, నీటి మీద తేలివచ్చే మద్యపు గిన్నె ఎవరి ముందు ఆగితే వారు కవిత చెప్పాలని నియమం పెట్టుకున్నారు. ఆనాటి కవితలకు పీఠిక రాసినవాడు వాంగ్ షీజీ. 28 వరసలు, 324 అక్షరాలు. ఆనందంగా మొదలై, బతుకు ఎంత త్వరగా గడిచిపోతుందో అన్న దుఃఖంలోకి జారే చిన్న గద్యం అది. అందులో ‘జీ’ అనే అవ్యయం సుమారు 20 సార్లు వస్తుంది, ఒక్కసారి కూడా ముందటిలా ఉండదు. తరువాతి రోజుల్లో వాంగ్ షీజీ తానే ఆ పీఠికను మళ్లీ మళ్లీ రాసి చూశాడని, ఏ ప్రతీ ఆనాటిదానికి సాటి రాలేదని తాంగ్ రాజవంశ (618–907) కాలపు కథనం ఒకటి చెబుతుంది. తన రాతను తానే ఎత్తిరాయలేకపోయిన మనిషిని పదహారు వందల ఏళ్లుగా లక్షల మంది ఎత్తిరాస్తూనే ఉన్నారు.

ఆ అసలు కాగితం ఇప్పుడు లేదు. తాంగ్ చక్రవర్తి తైజోంగ్‌కు వాంగ్ షీజీ రాతంటే వల్లమాలిన మోజు. బియాన్‌సాయి అనే వృద్ధ భిక్షువు దాచుకున్న ఆ పీఠికను రాజోద్యోగి ఒకడు మారువేషంలో వెళ్లి, స్నేహం నటించి, ఎత్తుకొచ్చాడని కథ. 649లో చక్రవర్తి మరణించినప్పుడు ఆ కాగితాన్ని ఆయనతోపాటు జావోలింగ్ సమాధిలో ఉంచారని చెబుతారు. ఈ కథలో ఎంత నిజమో ఎంత అల్లికో గాని, చక్రవర్తి బతికుండగా చేయించిన ఒక పని మనకు ముఖ్యం. ఆస్థానంలో ఎత్తిరాయడమే వృత్తిగా ఉన్న నిపుణుల చేత ప్రతులు తీయించి, రాకుమారులకు, మంత్రులకు పంచాడు. ఆ నిపుణులలో ఒకడు ఫెంగ్ చెంగ్‌సూ. ఆయన పేరున చెలామణీ అయ్యే ప్రతి ఇప్పుడు బీజింగ్‌లోని రాజప్రాసాద మ్యూజియంలో ఉంది. ఎత్తు 24.5 సెంటీమీటర్లు, పొడవు 69.9 సెంటీమీటర్లు. మన భుజాల వెడల్పుకన్నా ఎక్కువ ఉన్న ఆ కాగితం మీద ఒక నాగరికత తన రాతకు మేలుబంతిని చూసుకుంది.

ఆ ఆస్థాన నిపుణులు పని చేసిన తీరు తెలుసుకుంటే వారి మీద గౌరవం పెరుగుతుంది. మైనం పట్టించి పారదర్శకం చేసిన పసుపు కాగితాన్ని అసలు మీద పరిచేవారు, లేదా రెంటినీ కిటికీ వెలుగుకు ఎదురుగా నిలిపేవారు. ప్రతి గీత అంచుల వెంట వెంట్రుకంత సన్నని రేఖలు గీసి, ఆ రెండు అంచుల మధ్య ఖాళీని సిరాతో నింపేవారు. సిరా అందక గీతలో మిగిలిన తెల్లని చారలను కూడా, కుంచె మొన చీలినచోట పడిన రెండేసి పాయలను కూడా అలాగే ఉంచేవారు. ఒక్క క్షణంలో పడిన గీతను గంటల తరబడి కట్టడం అది. జపాన్ రాజకుటుంబపు సేకరణలోని వాంగ్ షీజీ ఉత్తరం, అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ మ్యూజియంలో ఉన్న మరొక ఉత్తరం, ఇవన్నీ ఈ పద్ధతిలో తయారైన ప్రతులే. వాంగ్ షీజీ స్వహస్తంతో రాసిన అక్షరం ఒక్కటి కూడా ఈనాడు మిగలలేదన్నది పండితులలో ఎక్కువమంది ఒప్పుకునే మాట. చైనాలో ‘రాతకు ఋషి’ అనిపించుకున్న మనిషి మనకు తెలిసింది కేవలం ఇతరుల చేతుల ద్వారా.

బీజింగ్ ప్రతి గురించి ఒక వివరం చెప్పకుండా ముందుకు పోలేను. ఆ పీఠిక చిత్తుప్రతి. వాంగ్ షీజీ రాస్తూ రాస్తూ రెండు అక్షరాలు మరిచిపోయి, నాలుగో వరస పక్కన సందులో చేర్చాడు. మరికొన్ని చోట్ల రాసినదాని మీదే మరొక అక్షరం రాసి మార్చాడు. ఒకచోట ముందు ‘ఒకటి’ అనే అడ్డగీత రాసి, మనసు మారి, దాన్నే కలుపుకొని ‘ప్రతి’ అనే అర్థమిచ్చే అక్షరంగా పెంచాడు. ఎత్తిరాసినవాడు ఈ తప్పులలో దేన్నీ దిద్దలేదు. పైగా ఆ మొదటి అడ్డగీతను ముదురు సిరాలో, తరువాత చేర్చిన భాగాన్ని లేత సిరాలో చూపించాడు. అంటే ఒక మనిషి 353వ సంవత్సరంలో ఒక మాట రాయబోయి మరొక మాటకు మళ్లిన ఆ క్షణం, మూడు వందల ఏళ్ల తరువాత వేరొక మనిషి చేతిలో చెదరకుండా నిలిచింది. ప్రతి అంటే చులకనగా చూసే మనకు ఇంతకన్నా మంచి సమాధానం ఉంటుందనుకోను. శ్రద్ధ అన్న మాటకు నాకు తెలిసిన నిర్వచనం ఆ రెండు రంగుల సిరాయే.

ఈ పీఠిక అసలు వాంగ్ షీజీదేనా అన్న వాదం కూడా లేకపోలేదు. 1965లో పండితుడు గువో మోరువో, నాన్‌జింగ్ పరిసరాల్లో తవ్వకాలలో దొరికిన ఆ కాలపు సమాధి శాసనాలను ముందుంచి, వాటిలోని లిపి చదరంగా, పాత ధోరణిలో ఉంది కాబట్టి లాన్‌టింగ్ రాతలోని నునుపు ఆ శతాబ్దానిది కాజాలదన్నాడు. గావో అర్‌షీ అనే పండితుడు దాన్ని ఖండించాడు. నేను ఈ విషయంలో తీర్పరిని కాను గాని, రాతి మీద ఉలితో చెక్కిన సమాధి ఫలకాన్ని, మిత్రుల మధ్య కాగితం మీద చకచకా రాసుకున్న చిత్తును ఒకే కొలతతో కొలవడం సరికాదని నా అభిప్రాయం. మన దగ్గర కూడా శాసనపు రాత వేరు, ఉత్తరపు రాత వేరు.

వాంగ్ షీజీ వంశంలో ఏడవ తరంవాడు జీయోంగ్ అనే భిక్షువు. ఆయన మేడ మీద ముప్పై ఏళ్లపాటు కూర్చుని తన పూర్వుని రాతను సాధన చేశాడని, అరిగిపోయిన కుంచెలను బుట్టల్లో పోగుచేసి, చివరకు నేలలో పాతిపెట్టి ‘కుంచెల సమాధి’ అని పేరు పెట్టాడని ప్రసిద్ధి. రాత కోసం వచ్చేవారి రాకపోకలకు గడప అరిగిపోతే ఇనుపరేకు కొట్టించుకున్నాడట. ఆయన ‘సహస్రాక్షర పాఠాన్ని’ 800 సార్లు రాసి, తూర్పు జెజియాంగ్ ప్రాంతపు బౌద్ధారామాలకు పంచాడని చెబుతారు. ఒక్క అక్షరమూ తిరిగి రాకుండా వెయ్యి వేర్వేరు అక్షరాలతో కూర్చిన పద్యం అది. ఆరవ శతాబ్దంలో లియాంగ్ చక్రవర్తి వూ ఆజ్ఞపై జోవ్ షింగ్‌సీ కూర్చాడు. ఇంతకన్నా మంచి ఒరవడి పుస్తకం ఉండదు. చైనాలో తరువాతి తరాల పిల్లలు దానితోనే చదువు మొదలుపెట్టారు. జీయోంగ్ ప్రతుల్లో ఒకటి ఈనాటికీ జపాన్‌లో ఉంది. అందులో ప్రతి అక్షరం రెండేసి సార్లు, ఒకసారి స్పష్టమైన నిలువు లిపిలో, పక్కనే గొలుసుకట్టు లిపిలో ఉంటుంది.

ఇక్కడ మన నేలతో నిజమైన బంధం ఉన్న ఒక శిల గురించి చెప్పాలి. చైనా బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్ మన ఆంధ్రదేశానికి వచ్చాడని, ధాన్యకటకంలో కొన్ని నెలలు ఉండి మహాసాంఘికులనే బౌద్ధ శాఖవారి అభిధర్మం చదువుకున్నాడని ఆయన జీవితచరిత్ర చెబుతుంది. ఆయన 645లో చాంగ్ఆన్ నగరానికి తిరిగివెళ్లి, తెచ్చిన గ్రంథాలను అనువదించడం మొదలుపెట్టాడు. ఆ అనువాదాలకు 648లో స్వయంగా తైజోంగ్ చక్రవర్తి పీఠిక రాశాడు. ఆ పీఠికను రాతి మీద చెక్కించాలనుకున్నప్పుడు, దాన్ని ఎవరి చేత రాయించాలన్న ప్రశ్న వచ్చింది. హోంగ్‌ఫూ ఆరామానికి చెందిన హువైరెన్ అనే భిక్షువు, ఏనాడో మూడు శతాబ్దాల కిందట చనిపోయిన వాంగ్ షీజీ చేతనే రాయించాడు. రాజభాండాగారంలోని వాంగ్ షీజీ రాతప్రతులన్నీ వెదికి, పీఠికకు కావలసిన అక్షరాలను ఒక్కొక్కటే ఏరి, పెద్దవి చిన్నవి చేసి, దొరకని అక్షరాలను వేర్వేరు అక్షరాల అవయవాలతో కూర్చి, సుమారు 1,900 అక్షరాలను వరసలో నిలబెట్టాడు. ఈ ఏరడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టిందంటారు. 672లో నిలిచిన ఆ శిల మీద చక్రవర్తి పీఠికతో పాటు హ్యుయాన్‌త్సాంగ్ అనువదించిన ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం కూడా ఉంది. ఇప్పుడది షీయాన్ నగరంలోని శిలావన మ్యూజియంలో ఉంది. కృష్ణ ఒడ్డున ధర్మం చదువుకున్న మనిషి అనువాదం, తాను పుట్టడానికి ఎంతోముందే చనిపోయినవాడి దస్తూరిలో నిలవడం నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరుస్తుంది.

రాతి మీద చెక్కడం వల్ల ఇంకొక మేలు జరిగింది. రాతి మీద తడి కాగితం పరచి, కుచ్చుతో మెల్లగా కొట్టి అక్షరాల గుంటల్లోకి దిగేలా చేసి, పైన సిరా ముద్ద అద్దితే, నల్లని నేల మీద తెల్లని అక్షరాలు పడతాయి. ఒక్క శిల నుంచి వందల ప్రతులు తీయవచ్చు. మన శాసన పరిశోధకులు తీసే నకళ్లు ఇలాంటివే. 992లో సోంగ్ చక్రవర్తి తన భాండాగారంలోని రాతలను చెక్కించి పది సంపుటాలుగా నకళ్లు తీయించాడు. అందులో చివరి ఐదు సంపుటాలు వాంగ్ షీజీ, ఆయన కుమారుడు వాంగ్ షియాన్‌జీలవే. రాజభవనంలోకి అడుగుపెట్టలేని సామాన్య విద్యార్థికి దీనివల్ల గురువు దొరికాడు. నష్టమూ లేకపోలేదు. చెక్కేవాడి ఉలి కుంచె మృదుత్వాన్ని కొంత తినేస్తుంది, నకళ్లు తీసేకొద్దీ రాయి అరుగుతుంది, అరిగిన రాయి నుంచి తీసిన నకలును మళ్లీ వేరే రాతి మీద చెక్కుతారు. ఇలా ప్రతికి ప్రతి, దానికి ప్రతి పుట్టుకొచ్చి, వాంగ్ షీజీ పోలిక పల్చబడిపోయిందని చింగ్ రాజవంశ (1644–1912) కాలపు పండితులు గుర్తించారు. అప్పుడు కొందరు ఇంకా పాత శిలల వైపు, పేరు తెలియని శిల్పులు చెక్కిన శాసనాల వైపు మళ్లారు. ఆ శతాబ్దాల్లో హ షావోజీ (1799–1873) అనే ఆయన ప్రాచీన హాన్ రాజవంశ కాలపు ఝాంగ్ చియాన్ శాసనాన్ని వందసార్లకు పైగా ఎత్తిరాశాడని చెబుతారు. ఊ ఛాంగ్‌షువో (1844–1927) ‘రాతి డోళ్లు’ అనే డోలు ఆకారపు ప్రాచీన శిలల మీది పురాతన లిపిని బతికినంత కాలం ఎత్తిరాస్తూనే ఉన్నాడు. ఆయన యౌవనంలో చేసిన ప్రతిని, వార్ధక్యంలో చేసిన ప్రతిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒరవడి ఒక్కటే. మొదటిదాంట్లో శాసనం కనిపిస్తుంది. రెండోదాంట్లో ఊ ఛాంగ్‌షువో కనిపిస్తాడు.

ఎత్తిరాయడంలో సొంతదనం చచ్చిపోదా అని నన్ను చాలామంది అడుగుతారు. ఈ అనుమానం చైనా వారికీ కొత్త కాదు. ఐదవ శతాబ్దపు ఝాంగ్ రోంగ్‌తో రాజు, నీ రాతలో బలముంది గాని వాంగ్ తండ్రీకొడుకుల పద్ధతి లేదే అన్నప్పుడు, నాలో వారి పద్ధతి లేదన్న విచారం నాకు లేదు, వారిలో నా పద్ధతి లేదన్నదే నా విచారం అని ఆయన బదులిచ్చాడు. తాంగ్ కాలపు భిక్షువు యాచీ ఇంకా కటువుగా, పద్ధతిని పట్టుకుని మార్పు ఎరగకుండా ఉంటే, రాయి చొచ్చుకుపోయే బలం ఉన్నా వాణ్ణి ‘రాతబానిస’ అనే అంటారన్నాడు. కాని ఈ మాటలన్నవారెవరూ ఎత్తిరాయవద్దనలేదు. 687లో సున్ గువోటింగ్ రాసిన గ్రంథంలో ఈ ప్రయాణానికి మూడు మెట్లు చెప్పాడు. మొదట అమరిక నేర్చుకునేటప్పుడు సమతూకం ఒక్కటే కోరుకో. సమతూకం వచ్చాక సాహసం వెంటబడు. సాహసం చేతికి వచ్చాక మళ్లీ సమతూకానికి తిరిగిరా. మూడో మెట్టు పైకి మొదటి మెట్టులాగే కనబడుతుంది, లోపల మాత్రం రెండో మెట్టు దాగి ఉంటుంది. నేను ఇందాక చెప్పిన అడ్డగీతలోని వెనకడుగు లాంటిదే ఇదీ.

సోంగ్ కాలపు మీ ఫూ (1051–1107) ఈ ప్రశ్నకు నిలువెత్తు సమాధానం. ఆయన యౌవనంలో ఎంతమంది పూర్వుల రాతను మింగాడంటే, జనం అది రాయడం కాదు, ‘పాత అక్షరాలను పోగుచేయడం’ అన్నారు. ఆయన దాన్ని దాచుకోలేదు. ముసలితనంలో నాకంటూ ఒక రాత ఏర్పడ్డాక, దాని మూలం ఎవరో చూసినవారికి తెలియడం లేదు అని రాసుకున్నాడు. ఎవరి దగ్గరైనా పాతరాత ఎరువు తెచ్చుకుని, ప్రతి రాసి, అసలును, ప్రతిని రెండూ పంపి, నీది ఏదో నువ్వే తీసుకో అనేవాడని కూడా చెబుతారు. ఇది మెచ్చుకోదగ్గ నైపుణ్యమే గాని, ఆ పక్కనే నకిలీల బజారు కూడా ఉందని మరవకూడదు. సాధకుడు నేను ఫలానావారి ఒరవడిని రాశానని కింద సంతకం పెడతాడు. నకిలీ చేసేవాడు ఆ ఫలానావాడి ముద్ర వేస్తాడు. చేతిపని ఒక్కటే, నీతి వేరు. చింగ్ చక్రవర్తి చియాన్‌లోంగ్ తన మందిరానికి ‘మూడు అపురూపాల మందిరం’ అని పేరు పెట్టడానికి కారణమైన మూడు రాతల్లో, వాంగ్ షీజీ మంచు వెలిసిన రోజు రాసిన 28 అక్షరాల ఉత్తరం తాంగ్ కాలపు ప్రతి అని, వాంగ్ షియాన్‌జీ పేరున ఉన్నది మీ ఫూ ఎత్తిరాసినది కావచ్చునని నేటి పండితులు ఎక్కువగా భావిస్తారు. చక్రవర్తి ఆ ఉత్తరం చుట్టూ ఏళ్ల తరబడి ఎన్నో ప్రశంసలు రాసుకున్నాడు. ఆ ఉత్తరం ప్రతి అయినంత మాత్రాన ఆయన పొందిన ఆనందం వమ్మయిందని నేను అనను.

సొంతదనం మాట వచ్చినప్పుడు నేను అందరికీ చూపించేది వాంగ్ దువో (1592–1652) రాతను. మింగ్ రాజ్యం కూలి చింగ్ రాజ్యం వచ్చిన కల్లోలంలో బతికిన ఉన్నతోద్యోగి ఆయన. ఒకరోజు పూర్వుల ఒరవడి దిద్దుకోవడం, మరుసటి రోజు అడిగినవారికి రాసి ఇవ్వడం, ఇలా రోజు విడిచి రోజు చివరిదాకా తప్పకుండా చేశానని చెప్పుకున్నాడు. 992 నాటి ఆ నకళ్ల సంపుటాల్లోని చిన్న ఉత్తరాలను తీసుకుని, నిలువెత్తు పట్టు మీద రాసేవాడు. అరచేతి వెడల్పు కాగితం మీద పడిన గీత గోడంత ఎత్తుకు పెరిగేసరికి దాని బరువు, వేగం అన్నీ మారిపోతాయి. సిరా మొదట ఉబ్బి, తరువాత ఎండి, అక్షరం ఒకటి కుడికి ఒరిగితే రెండోది దాన్ని పట్టుకుని నిలబడుతుంది. కొన్నిచోట్ల రెండు వేర్వేరు ఉత్తరాల వాక్యాలు కలిసిపోయి, చదివితే అర్థం కూడా కుదరదు. అయినా చివర ‘వాంగ్ షియాన్‌జీ ఒరవడికి లిన్’ అనే రాశాడు. అది వినయం కోసం రాసిన మాటని కొందరంటారు. నాకు అలా అనిపించదు. ఆయన నిజంగానే వాంగ్ షియాన్‌జీ చేతి కదలికను అనుసరిస్తున్నాడు. ఆ కదలిక ఆయన భుజం నుంచి, ఆయన కాలం నుంచి, ఆయన దుఃఖం నుంచి వస్తోంది కాబట్టి అలా పడింది.

మన కాలానికి వస్తే, చ్యూ జీజ్యే అనే చిత్రకారుడు 1990లో ఒక పని మొదలుపెట్టాడు. లాన్‌టింగ్ పీఠికను ఒకే కాగితం మీద, రాసినదాని మీదే మళ్లీ రాస్తూ, వెయ్యిసార్లు రాయడం ఆ పని. కొన్ని పదుల సార్లు అయ్యేసరికే కాగితం అంతా నల్లబడిపోయింది, అక్షరాలు మాయమయ్యాయి. ఆ తరువాత నల్లని నేల మీద నల్లని సిరాతో, ఏమీ కనిపించకుండా, కొన్ని సంవత్సరాలు రాస్తూపోయాడు. సంప్రదాయపు బరువు కింద అక్షరం నలిగిపోయిందనడానికి అది నిదర్శనమని విమర్శకులు కొందరు చదివారు. నేను ఆ నల్లని కాగితం ఫోటోను మొదటిసారి చూసినప్పుడు నాకు ఈ రాత నేర్పిన ఆ పెద్దావిడకు చూపించాను. ఆమె చాలాసేపు చూసి, కళ్లకు ఏమీ కనబడకపోయినా చేయి 324 అక్షరాలనూ ఒక్కటి తప్పకుండా నడిచింది కదా, మనం రోజూ చేయాలనుకునేది అదే కదా అన్నారు.

బల్ల మీద సిరా అరగదీసి పెట్టాను. లాన్‌టింగ్ పీఠికలో మొదటి అక్షరం ‘యుంగ్’, శాశ్వతమైనది అని అర్థం. కుంచె రాతలోని ఎనిమిది మూలగీతలూ ఈ ఒక్క అక్షరంలోనే ఉన్నాయని అంటారు, అందుకే సాధన దీనితో మొదలవుతుంది. బీజింగ్ ప్రతి అచ్చును పక్కన పెట్టుకుని ముందు నేను రాస్తాను. గీత కన్నా నా మణికట్టును చూడండి. ఆ తరువాత ఇష్టమున్నవారు ఒక్కొక్కరే వచ్చి కూర్చోండి, కాగితాలు సరిపడా తెచ్చాను.